దిష్టి తీసే వీరవేణి కుళ్ళుకున్న కథ

అనగనగా కాలవగట్టు మీద ఓ ఊరు, ఆ ఊళ్ళో వీరవేణి అని ఒకావిడ. పిల్లలు పాలు తాగకుండా గుక్కపెట్టి ఏడిస్తే చాలు, తల్లులు ఎత్తుకుని ఆవిడ గుమ్మంలోకి వచ్చేవాళ్ళు. ఆవిడ గుప్పెట్లో ఉప్పు పట్టుకుని దిష్టి తీసేది. ఊరందరి దిష్టీ తీసే ఆ మనిషికి ఒక్కరంటే మాత్రం కడుపుమంట. ఎవరంటావా? పక్కింటి కనకం.

ఇద్దరూ ఒకే ఏడు కాపరానికి వచ్చారు. ఇద్దరూ ఒక్కరోజే ఆనపపాదు పెట్టారు. కనకం పాదు పందిరంతా కాసింది, వీరవేణిది ఆకులతో సరిపెట్టింది. ఆ తర్వాత ఇద్దరి గేదెలూ ఈనాయి. కనకం గేదెకి పెయ్య పుట్టింది, వీరవేణి గేదెకి దున్న పుట్టింది. ఆ తర్వాత కనకానికి ఆడపిల్ల పుట్టింది. బూరెల్లాంటి బుగ్గలు, ఉంగరాల జుట్టు. ఇద్దరు మగపిల్లల తల్లి వీరవేణికి ఆడపిల్లంటే ప్రాణం. ఆ పిల్లని చూడగానే ఆవిడ కళ్ళలో కారం కొట్టినట్టయింది.

నవ్వకు చిట్టితల్లీ. మీ క్లాసు పిల్ల కొత్త గౌను వేసుకొస్తే నువ్వు మూడ్రోజులు మూతి ముడుచుకు కూర్చోలేదూ?

ఒకరోజు కనకం పిల్లని ఒళ్ళో వేసుకుని ముద్దులాడుతుంటే వీరవేణి గోడమీంచి చూసింది. అప్పుడు పిలవకుండానే ఒక ఆలోచన వచ్చింది. 'ఆ పిల్లకి ఒంట్లో బాగోకపోతే బాగుణ్ణు!' అమ్మో అని గుండె మీద చెయ్యి వేసుకుంది. పసిపిల్ల గురించి ఇలా అనుకున్నానేమిటని హడలిపోయింది.

రెండ్రోజులకి ఆ పిల్ల నిజంగానే పాలు మానేసి ఏడుపు మొదలెట్టింది. కనకం పరుగున తీసుకొచ్చింది. వీరవేణి ఉప్పు తిప్పుతూ "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అంటూ వచ్చింది. "నా దిష్టి" అనే చోటికి వచ్చేసరికి ఆగిపోయింది. ఉప్పు అక్కడే పారేసి, "నాకు ఒంట్లో బాలేదు కనకం, వెళ్ళు" అని తలుపేసుకుంది.

"ఆవిడ అనుకోబట్టే అలా అయిందా అమ్మమ్మా?" అంటావా? కాదే పిచ్చిపిల్లా. పిల్లకి వచ్చింది కడుపునొప్పి. వైద్యుడి మందు రెండు పూటలు పడితే తగ్గిపోయింది. కానీ వీరవేణి ఆ మాట నమ్మితేగా! నా కళ్ళే తగిలాయనుకుంది. ఇక ఆ పిల్లని ముట్టుకోనని ఒట్టు పెట్టుకుంది.

ఆలోచన మాత్రం వదల్లేదు. లెంపలేసుకుంది, అది మళ్ళీ వచ్చింది. చెవులు గింగిర్లెత్తేలా పిండి దంచింది, రోకటిపోటుతోపాటే వచ్చింది. కనకం ఇంటివైపు కిటికీ మూసేసింది, అయినా వచ్చింది. తరిమినకొద్దీ ఎక్కువైంది.

చివరికి తనకి దిష్టి తీయడం నేర్పిన పేరమ్మ మామ్మ దగ్గరికి వెళ్ళి బావురుమంది. "నేను పాపిష్టిదాన్ని మామ్మా!"

"దారినపోయే మేక దొడ్లోకి తొంగిచూస్తే దొడ్డి మేకదైపోతుందా?" అంది మామ్మ. "వచ్చిందని చూసి ఊరుకో. నువ్వు కర్ర పట్టుకుని వెంటబడుతున్నావు, అందుకే అది దొడ్డంతా తొక్కుతోంది. ఇలా కూర్చో."

అప్పుడు మామ్మ ఆవిడ చేత కళ్ళు మూయించి, చెయ్యి గుండెమీద పెట్టించింది. ఊపిరి నెమ్మదిగా తీసుకోమంది. ముందు 'నేను చల్లగా ఉండాలి' అనుకోమంది. ఆ తర్వాత 'నా పిల్లలు చల్లగా ఉండాలి.' ఆ తర్వాత 'కనకం చల్లగా ఉండాలి.'

మూడోదాని దగ్గర వీరవేణి కళ్ళు తెరిచేసింది. "అబద్ధమాడుతున్నట్టుంది మామ్మా. దాని ఆనపపందిరే గుర్తొస్తోంది."

"అయితే రేపు మళ్ళీ ఆడు," అంది మామ్మ. ఆవిడకీ ఓపిక తక్కువే.

వీరవేణి రోజూ పొద్దున్నే పెరట్లో పీట వేసుకుని ఆ మూడు మాటలూ అనుకునేది. మొదటివారం ఆ మూడోమాట పంటిబిగువున అంది. రెండోవారం గొణిగింది. మూడోవారం మామూలు మాటలాగే వచ్చింది. కుళ్ళు పోయిందా? ఎక్కడ పోతుంది! కనకం కాయలు కోస్తుంటే ఇంకా ఓరకంట చూసేది. హడలిపోవడం మాత్రం తగ్గింది.

అప్పుడొకరోజు కనకం గేదె పలుపు తెంపుకుని కాలవకేసి పరుగెత్తింది. "వదినా, పట్టుకో!" అని కనకం గోడమీంచి పిల్లని వీరవేణి చేతుల్లో పెట్టేసి, గేదె వెనకాల పోయింది.

ఇంట్లో ఎవరూ లేరు. అప్పుడు అలాంటి ఆలోచనే మళ్ళీ వచ్చింది. 'కింద పడేస్తే?' వీరవేణికి పిల్లని చాపమీద పడుకోబెట్టి పారిపోదామనిపించింది. కానీ పారిపోలేదు. పిల్లని గుండెకి హత్తుకుని అరుగు మీద కూలబడింది. "నేను చల్లగా ఉండాలి. నువ్వు చల్లగా ఉండాలి. మీ అమ్మ చల్లగా ఉండాలి." అలా ఎన్నిసార్లందో ఆవిడకే తెలీదు. ఆలోచన కాసేపు అక్కడే తచ్చాడింది. ఆ తర్వాత పోయింది. పిల్ల ఆవిడ చీర తడిపేసి హాయిగా నిద్రపోయింది.

కనకం మోకాళ్ళదాకా బురదతో తిరిగొచ్చింది. వీరవేణి ఇక దాచుకోలేకపోయింది. "కనకం, నీ పిల్లని చూస్తే నాకు కుళ్ళే. మొదట్నుంచీ కుళ్ళే. చెడ్డగా కూడా అనుకున్నాను."

కనకం పిల్లని తీసుకోలేదు. వెళ్ళి వీరవేణి పక్కన కూర్చుంది. "నీకు కుళ్ళని నాకు తెలుసు వదినా, నాకేం కళ్ళు లేవా? అయినా గేదె పరుగెడుతుంటే నాకు నీ చేతులే కనబడ్డాయి."

కథేమో కంచి దారి పట్టింది,
గూట్లో దీపం కొండెక్కింది,
ఇంటికొచ్చాం, కళ్ళు మూసుకో చిట్టితల్లీ,
కునుకొచ్చి రెప్పల్ని తట్టింది.