పలకలూ తాళ్ళూ

పాలవాగు రాజ్యంలో పండితులు రాసిన తాళపత్రాలు చదవాలంటే, రాజుగారి గ్రంథాలయమైనా పుస్తకాల గుత్తేదారు నాగరాయుడితో ఏటా ఒప్పందం చేసుకోవాల్సిందే. ఆ ఏడు గడువు తీరిందని అతను గ్రంథాలయంలోని కట్టలు విప్పనివ్వలేదు. గాలికుంటు రోగంతో పశువులు కూలిపోతున్నా, దాని మందు గురించి రాసిన పండితుడికే తన పుస్తకం దక్కలేదు.

అక్కడ దుమ్ము దులిపే ఓబులమ్మకి ఒళ్ళు మండింది. తిన్నగా రాజుగారి కొలువుకెళ్ళి, ఆయన ఎదుటే నాగరాయుణ్ణి నిలదీసింది.

"అయ్యా, ఇవి రాసిందెవరు?"

"పండితులు."

"తప్పులు దిద్దింది?"

"వాళ్ళే."

"వాళ్ళకేమిచ్చారు?"

"ఇవ్వడమెందుకు? పేరొస్తుందిగా!"

"మరి మీరు పెట్టిందేమిటి?"

"ఆకుల పైనా కిందా చెక్క పలకలు, కట్టడానికి తాళ్ళు!" అన్నాడతను దర్జాగా.

"విన్నారుగా మహారాజా! ఆయన సొత్తు ఆయనకిప్పించండి."

రాజు సరేనన్నాడు. ఓబులమ్మ కట్టలన్నీ విప్పి, పలకలూ తాళ్ళూ బండికెత్తించి నాగరాయుడి గుమ్మంలో దింపించింది. ఆకులకు కొత్త తాళ్ళు తనే పేనింది, ఎవరైనా విప్పుకునేలా వదులుగా కట్టింది.