వరసలో నిలబడ్డ గురువు

"పనివాడికి పొగరు ఉండొచ్చా, ఉండకూడదా గురువుగారూ?" అని కొండలరావు అడిగాడు.

మా గురువు పైడయ్యగారు పెళ్లివంటల్లో పెద్ద చెయ్యి. అడిగినదానికి నోటితో జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు.

కొండలరావు అలా అడగడానికి కారణం ఉంది. ముందురోజు ఒక పెళ్లిలో, పెళ్లికూతురి మేనమామ వంటశాలలోకి వచ్చి, జనం ఎక్కువయ్యారు, పప్పుచారులో నీళ్లు పొయ్యమన్నాడు. "నేను పెట్టిన చారులో నీళ్లు పడవు" అని కొండలరావు చారుని పొయ్యి మీదే వదిలేసి వెళ్లిపోయాడు. మాట సరైనదే. కానీ అప్పటికే విస్తళ్లు వేసేశారు, జనం కూర్చున్నారు. ఆ పంక్తి నడిపింది నేను. నీళ్లు నేనూ పొయ్యలేదు, ఇంకో పొయ్యి వెలిగించి వేరే చారు కాచాను. ఆ సంగతి నన్నెవరూ అడగలేదు, నేనూ మర్చిపోలేదు.

సాయంత్రం గురువుగారు కొండలరావు గరిటె తీసి తన సంచిలో వేసుకున్నారు. మా వంటవాళ్లలో గురువు గరిటె తీసుకున్నాడంటే పని పోయినట్టే. ఇక అది తిరిగొస్తుందా రాదా అని వాడికి నిద్ర లేదు.

ఆయన జవాబు చెప్పకుండా మమ్మల్నిద్దర్నీ హార్బరు వెనక సందులో ఉన్న రామెన్ కొట్టుకు తీసుకుపోయారు. గుమ్మం చూసి నా కాళ్లు ఆగిపోయాయి. ఆ కొట్టు ఎర్రినాయుడిది. ఒకప్పుడు మా గురువు దగ్గరే పని నేర్చి, మాటైనా చెప్పకుండా ఓడలో వంటకు పోయి, జపాను రేవుల నుంచి ఈ నూడుల్స్ వంట పట్టుకొచ్చాడు. వాడి పేరెత్తితే చాలు, గురువుగారు తింటున్న విస్తరి వదిలి లేచిపోయేవారు.

కొట్టు ఇరుకు. ఒకే బల్ల, దాని వెనకే పొయ్యి. చోటు దొరకనివాళ్లు బయట ఎండలో వరస కట్టారు. ఎర్రినాయుడు తలెత్తి గురువుగారిని చూశాడు. చేతిలో చిల్లుల గరిటె ఒక్క క్షణం ఆగింది. నీళ్లలో నూడుల్స్ ఉడుకుతున్నాయి, కాస్త ఆలస్యమైతే ముద్దయిపోతాయి. వాడు దండం పెట్టలేదు. తల దించి, నూడుల్స్ తీసి నీళ్లు దులిపి, కోడి ఎముకల చారులో వేసి, తినేవాడి ముందు పెట్టాక అప్పుడన్నాడు.

"వరసలో రండి గురువుగారూ."

కొండలరావు భగ్గుమన్నాడు. "చూశావా అన్నా! పని నేర్పిన మనిషిని ఎండలో నిలబెడతాడా ఈడు?"

"అరవకు. ఎండ నీ ఒక్కడికే కాదు" అన్నాను.

మా వంతు వచ్చింది. గురువుగారికి ఒక నియమం ఉంది. ఇంకో వంటవాడి వంట రుచి చూస్తారు గాని మారు అడగరు. అడిగితే ఆ చెయ్యి తన చేతికి సమానమని ఒప్పుకున్నట్టు. అది మా వాళ్లందరికీ తెలుసు, ఎర్రినాయుడికి మరీ తెలుసు. ఆయన చారు ఒక గుక్క తాగారు. తలెత్తకుండా నూడుల్సన్నీ తినేశారు. తర్వాత గిన్నె ముందుకు తోశారు.

"మారు."

ఎర్రినాయుడి కళ్లలో నీళ్లు తిరిగాయి. చెయ్యి మాత్రం ఆగలేదు.

"గిన్నెలో చారు చల్లారిపోయింది గురువుగారూ. చల్లారినదాంట్లో నేను నూడుల్స్ వెయ్యను. కొత్తగా వేడిది పెడతాను గాని, బయట జనం ఉన్నారు. మళ్లీ వరసలో రావాల."

పక్కన తింటున్న హార్బరు కూలీ నవ్వాడు. "ఈడింతే తాతా. ఎవులొచ్చినా ఇదే మాట."

పెద్దపెద్ద వాళ్లు ఎదురొచ్చి కుర్చీ వేసే మనిషి, పంచె సర్దుకుని లేచి, ఎండలోకి వెళ్లి అందరి వెనకా నిలబడ్డారు. కొడుకు పందెం గెలిస్తే తండ్రి ఎలా నిలబడతాడో అలా నిలబడ్డారు.

కొండలరావు ఆయన వెనకే వెళ్లాడు. "నా మాటకు జవాబు చెప్పలేదు గురువుగారూ. పొగరు ఉండొచ్చా?"

ఆయన సంచిలోంచి గరిటె తీశారు. ఇవ్వలేదు, చేత్తో పట్టుకున్నారు.

"నాకు దండం పెట్టడానికైనా ఆడు పొయ్యి వదల్లేదురా. నువ్వు నిన్న దేనికి వదిలావు?"