తెరకు పట్టని రాజు

బొమ్మలాట నాగోజికి ఎవరేం అడిగినా నోటితో జవాబు చెప్పే అలవాటు లేదు. "చూద్దాంలే" అనేవాడు. ఆ చూపించే రోజు వచ్చేదాకా మళ్లీ ఆ ఊసెత్తేవాడు కాదు. కరువు కాలంలో బొమ్మల పెట్టె నెత్తిన పెట్టుకుని ఊరూరూ కాలినడకన తిరిగిన మనిషి. సినిమా డేరా లేచినచోట దానికి ఎదురుగానే తెర కట్టి ఆడినవాడు. తోలుబొమ్మను చులకన చేస్తే ఎంతటివాణ్ణయినా ముఖం మీదే కడిగేసేవాడు.

శిష్యుడు ఓబులేసు సొంతంగా ఒక కథ అల్లుకున్నాడు. అందులో లోకాలన్నీ అతని కల్పనే. పొడవు, వెడల్పు, ఎత్తు మాత్రమే ఉన్న మన లోకం అట్టడుగుది. దానిపైన, కాలాన్ని దారంలా చుట్టి పక్కన పెట్టగల లోకం. ఆపైన, కింది లోకాలన్నీ గోడ మీద నీడల్లా కనిపించే లోకం. అన్నిటికీ మీద, ఏ కొలతకూ అందని లోకం. దాని రాజు ఊదితే తక్కినవన్నీ ఆరిపోతాయి. ఏది దేన్ని గెలుస్తుందో వరస పెట్టుకుంటూ ఓబులేసు తిండి కూడా మరిచిపోయేవాడు.

ఒకరోజు మేకతోలు గీకుతూ అడిగాడు. "అయ్యా, మనం కల్పించిన లోకాల్లో అన్నిటికన్నా బలమైందేదో ఎట్ల తేల్చేది?"

"జాతరలో నీ కథే ఆడు. జనం కూచుంటే ఇంక తెర నీది. లేచిపోతే మళ్లా తాళాలు వాయించుకో, పో!"

తాళాలు వాయించి వాయించి విసిగిన చేతులు ఓబులేసువి. పై లోకపు రాజును తెర కంటే ఎత్తుగా చేశాడు. గురువు భార్య తుల్జాబాయి, మేళంలో పాట ఆమెదే, ఆ బొమ్మను ఎగాదిగా చూసి, "ఏమిరా, ఊళ్లో మేకలన్నీ ఈయప్పకే సరిపోయినట్లుండాయే! పండక్కు ఒకటన్నా మిగిల్చినావా?" అంది. నాగోజి మీసం దువ్వుకున్నాడు.

జాతర నాడు దీపాలవేళకు ఆట మొదలైంది. కింది లోకాలు బాగానే నడిచాయి. పై రాజు వంతు వచ్చింది. తెరకు ఆనించి ఆడించాల్సిన బొమ్మను ఓబులేసు వెనక్కి, దీపం దగ్గరికి జరిపాడు. నీడ పెరిగితే మహిమ పెరుగుతుందనుకున్నాడు. కిరీటం, కళ్లు, రంగులు అన్నీ అలుక్కుపోయి తెరంతా నల్లబడింది.

"ఏమప్పో, దీపం కొండెక్కిందా?" అని ఎవడో అరిచాడు. ఈలలు లేచాయి. ముందువరస వాళ్లు పంచెలు దులుపుకుని లేస్తున్నారు.

నాగోజి కళ్లెర్రజేశాడు. "తీయరా ఆ మబ్బును!" అని, పెట్టెలోంచి జానెడు హాస్యగాడి బొమ్మ తీసి అతని చేతిలో పెట్టాడు. "తల ఒక్కటే ఆడించు. నోరు మూసుకో."

ఓబులేసు ఆ పొట్టివాణ్ణి తెర అడుగున ఒక మూలకు ఆనించాడు. ఎర్ర టోపీ, బానపొట్ట స్పష్టంగా పడ్డాయి. జనం నవ్వారు. బొమ్మ తల మెల్లగా పైకి లేచింది. ఇంకా లేచింది. టోపీ వీపుకు తగిలేదాకా లేచింది. మోకాళ్లు వంగాయి. ఏ ఆటలోనూ నోరు మూయని ఆ వాగుడుకాయ ఒక్క మాట మాట్లాడలేదు. తుల్జాబాయి కనిపెట్టి పాట ఆపేసింది.

లేచినవాళ్లు లేచినచోటే నిలిచిపోయారు. బొమ్మ చూస్తున్నది తెర పైకర్రకు అవతలికి. వరస వెంట వరస తలలెత్తి అటే చూశారు. అక్కడ ఆకాశం తప్ప ఏమీ లేదు. ఒక ముసలామె చేతులు జోడించింది. తర్వాత ఒక్కొక్కరే కూర్చున్నారు.

ఆట ముగిశాక నాగోజి తెర విప్పి, మడిచి, ఓబులేసు భుజాన వేశాడు. "ఇప్పుడు రమ్మనరా ఆ సినిమా డేరావోళ్లను!" అన్నాడు, రొమ్ము విరుచుకుని.

ఓబులేసు కళ్లు తుడుచుకుని నేలమీద పడున్న పెద్ద బొమ్మ వైపు చూశాడు. "అయ్యా, ఈ రాజును ఏం చేద్దాం?"

"కోసి పొట్టోళ్లను చెయ్యి," అన్నాడు నాగోజి. "మెడలు మాత్రం బాగా వెనక్కి వాలేటట్టు కుట్టు."