రోలు మీది గోడ

మామిళ్ళగడ్డ బస్టాండులో దిగి పమిడిపాటి వారి ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరైనా చెబుతారు. దారితో పాటు ఆ ఇంటివాళ్ళ తగాదా కూడా చెబుతారు కాబట్టి తీరిక చూసుకుని అడగడం మంచిది. పెంకుటింటికి రెండు వీధి గుమ్మాలు. వెనుక వసారాను నిలువునా చీలుస్తూ ఒక గోడ. గోడ అడుగున మూరెడు ఎత్తున వంపు. ఆ వంపు కింద, సగం ఇటు సగం అటుగా, నేలలో పాతిన రుబ్బురోలు. దర్శించవలసింది దానినే.

పూర్వం ఇక్కడ గోడ లేదు. పానకాలరావు గారు, తమ్ముడు బసవేశ్వరరావు గారు ఒకే పంక్తిన భోజనం చేసేవారు. పెరటి నిమ్మచెట్టు ఎవరి వాటాకు రావాలన్న దగ్గర మాట పెరిగి, ఇంటి మధ్య గోడకు ముహూర్తం పెట్టారు. నిమ్మచెట్టు మరుసటి వేసవికే ఎండిపోయింది. ఆడవాళ్ళు కూడా మాట్లాడుకోరాదని ఆజ్ఞ వేశారు. అన్నదమ్ములు ఏకీభవించిన విషయం అదొక్కటే.

పెద్దకోడలు మాణిక్యమ్మ గారికి అన్నం సయించలేదు. తోడికోడలు సౌభాగ్యం పదేళ్ళ పిల్లగా ఈ ఇంట అడుగుపెడితే జడ వేసి, పని నేర్పి పెంచింది ఆవిడే.

గోడ రోలు దాకా వచ్చిన నాటి తెల్లవారుజామున, చనిపోయిన అత్తగారు ఆవిడకు కలలో కనిపించి, "నా రోలు కదిపితే ఊరుకోను" అన్నారట. అదే కల, అవే మాటలతో సౌభాగ్యానికీ వచ్చింది. ఇద్దరికీ ఒకే కల ఎలా వచ్చిందని మగవాళ్ళు అడగలేదు. ఈ స్థలానికి ఇది మొదటి మహిమ. తాపీమేస్త్రి రోలు మీదుగా వంపు తిప్పాడు.

నాటి నుంచి తోడికోడళ్ళలో గోడకు ఇటు ఒకరు పొత్రం తిప్పితే అటు ఒకరు పిండి తోసేవారు. ముఖం కనబడదు, మాట లేదు. గాజుల చప్పుడు మాత్రం వీధి దాకా వచ్చేది. గిద్దెడు పప్పుకు అంతసేపు ఎందుకో పానకాలరావు గారికి ఏనాడూ అర్థం కాలేదు.

తొమ్మిదేళ్ళు గడిచాయి. తండ్రిగారి తద్దినం అన్నదమ్ములు ఒకే రోజున, వేరువేరుగా పెట్టేవారు. ఆ ఏడు సరిగ్గా ఆ ఉదయమే తోడికోడళ్ళిద్దరికీ జ్వరం వచ్చింది. ఇది రెండవ మహిమ. తలస్నానం చేయనివారు మడివంటకు పనికిరారు. గారెలు లేనిదే తద్దినం లేదు. పానకాలరావు గారు తడిబట్టతో రోలు ముందు కూర్చున్నారు. అవతలి నుంచి ఎవరో పొత్రం తిప్పుతున్నారు. ఆ చేతికి చిటికెన వేలు వంకర. చిన్నప్పుడు గోలీల దగ్గర దాన్ని విరిచింది తానే.

"బసవా! నువ్వట్రా?"

"నేనే. తొయ్యి అన్నయ్యా, భోక్తలు వచ్చేస్తారు."

పానకాలరావు గారు పిండి మీదికి చేయి చాచారు.

"తోస్తున్నా. వేలు జాగ్రత్తరా."

విస్తళ్ళు వేసే వేళకు జ్వరాలు రెండూ తగ్గాయి. తద్దినం ఒకే పంక్తిన జరిగింది. గోడను మాత్రం మాణిక్యమ్మ గారు తీయనివ్వలేదు. "మళ్ళీ తగువొస్తే ఎవరు కడతారు?" అన్నారట.

ఆ నలుగురూ ఇప్పుడు లేరు. ఏటా ఆ తిథికి మాటలు లేని అన్నదమ్ములు, వదినామరదళ్ళు, ఒకసారైతే ఇద్దరు వార్డు మెంబర్లు, వచ్చి చెరోవైపు కూర్చుని మినప్పప్పు రుబ్బుతారు. అవతలికి వంగి చూడరాదు. చేతిని బట్టి మనిషిని తెలుసుకోవాలి. గారెలు మెత్తగా వస్తాయి. మాట కలవడం ఎవరి ప్రాప్తం వారిది.

వంపు అంచున, ముంజేతులు రాసుకుని రాసుకుని, సున్నం పోయి ఇటుక నునుపు తేలింది. ఏటా ఇల్లంతా వెల్ల వేస్తారు, ఆ చోటు వదిలేస్తారు. వచ్చినవారు వెళ్ళేముందు అక్కడ ఒకసారి చేయి ఆనించి వెళ్ళాలి.