“ఏం కాదు” అనని సుంకులవ్వ

మీ అవ్వల అవ్వలు ఇంకా పాలపళ్ళతో తిరుగుతున్న కాలం. ఒక ఊళ్ళో పుండ్లు కోసి కట్టుకట్టే వైద్యుడు ఉండేవాడు, పేరు కంబగిరయ్య. ఆయన వాకిలి ఊడ్చే సుంకులవ్వ కథ ఇది. మధ్యలో లేచిపోతే మళ్ళీ మొదటినుంచి చెప్పను, చూసుకోండి.

కంబగిరయ్య చెయ్యి మంచిదే, నోరే మంచిది కాదు. బిడ్డ ఏడిస్తే కసురుకునేవాడు. తల్లులేమో “ఏం కాదు నాయనా, ఏం కాదు” అనేవాళ్ళు. అనడమే తడవు కత్తి దిగేది. దాంతో ఆ ఊరి పిల్లలకు ఆ మాట వింటేనే గుండె దడ. కొత్త కూర పెట్టి “ఏం కాదు, తిను” అన్నా లేచి పరుగే.

సుంకులవ్వ చీపురు పట్టుకుని ఇదంతా చూసింది. చూసి చూసి ఒక గుడ్డబొమ్మ కుట్టింది. ఏ బిడ్డ వచ్చినా పక్కన కూర్చోబెట్టుకుని, ముందు బొమ్మ కాలు కడిగేది, కోసినట్టు చేసి చూపేది. కట్టు మాత్రం బిడ్డతోనే కట్టించేది. ఆపైన మూడు మాటలు చెప్పేది.

“నొప్పి పుడుతుంది. నేనుంటా. అయిపోతుంది.”

“నిజంగా ఉంటావా అవ్వా?”

“ఉంటా. ఏడిస్తే ఏడువు, కదలొద్దు.”

పిల్లలు ఏడ్చేవాళ్ళు. కదిలేవాళ్ళు కాదు.

ఒకనాడు ఆమె మనవరాలు లింగి కాల్లో తుమ్మముల్లు విరిగింది. తల్లి లేని పిల్ల, అవ్వ చేతుల్లోనే పెరిగింది. కాలు చీముపట్టి బూరెలా పొంగింది. కంబగిరయ్య నొక్కి చూసి మొహం ముడుచుకున్నాడు.

“ముల్లు నరం పక్కనే ఉంది. పిల్ల కదిలిందంటే జన్మంతా కుంటాల్సిందే. కోయకపోతే కాలే పోతుంది.”

అవ్వ ఈసారి తానే బొమ్మకు కట్టు కట్టబోతే ఊడిపోయింది. మళ్ళీ కట్టింది, మళ్ళీ ఊడింది. మూడోసారి బొమ్మను పక్కన పెట్టేసి, లింగి తల నిమిరి, “ఏం కాదు తల్లీ” అనేసింది.

లింగి బిత్తరపోయింది. “నువ్వూ ‘ఏం కాదు’ అన్నావే. అయితే నేను చచ్చిపోతానా అవ్వా?” కాళ్ళు జాడించింది. ముగ్గురు పట్టుకున్నా ఆగలేదు. కంబగిరయ్య కత్తి పట్టుకుని అట్లే నిలబడిపోయాడు.

సుంకులవ్వ అందరినీ వదలమంది. లింగి ఎదురుగా నేలమీద కూర్చుంది.

“అబద్ధం చెప్పినా తల్లీ. భయమేసి చెప్పినా. శానా నొప్పి పుడుతుంది. నేనుంటా. అయిపోతుంది.”

“నీకూ భయమా?”

“నీకంటే ఎక్కువ.”

లింగి బొమ్మను తీసి అవ్వ ఒళ్ళో పెట్టింది. “నువ్వు దీన్ని పట్టుకో. నేను నిన్ను పట్టుకుంటా.”

కత్తి దిగింది. పిల్ల ఊరంతా వినపడేలా ఏడ్చింది. కాలు కదల్లేదు. ముల్లు బయటికొచ్చింది.

ఏండ్లు గడిచాయి. సుంకులవ్వ మంచాన పడింది. ఊపిరి అందడం లేదు. చుట్టూ చేరినవాళ్ళు “ఏం కాదులే” అంటుంటే ఆమె కళ్ళు బెదురుతూ అటూ ఇటూ వెతుకుతున్నాయి. లింగి కుంటకుండా చకచకా నడిచొచ్చి, వాళ్ళను పక్కకు జరిపి, పాత గుడ్డబొమ్మను అవ్వ చేతిలో పెట్టింది.

“నొప్పి పుడుతుందవ్వా. నేనుంటా. అయిపోతుంది.”

“ఉంటావా?”

“ఉంటా.”

అప్పుడు ఆ కళ్ళు కుదురుకున్నాయి.

ఇప్పటికీ ఆ పక్క బిడ్డకు సూది వేయించాలన్నా, పుండు కడగాలన్నా ఎవరూ “ఏం కాదు” అనరు. కొత్తవాళ్ళెవరైనా నోరుజారితే, బిడ్డ చెయ్యి వెనక్కి దాచుకుని, “సుంకులవ్వ మాట చెప్పు” అంటుంది. మూడు మాటలూ చెప్పాకే చెయ్యి చాపుతుంది.