మిరపనారు కాచిన బోదురుకప్ప

అనగనగా ఒక ఊళ్ళో, గుట్ట కింద మెట్టచేలున్న ఊళ్ళో, కోటమ్మ అని ఒకావిడ ఉండేది బంగారూ. ఆవిడ ఇంటి వెనక చిన్న మడి కట్టి మిరపనారు పోసింది. ఆ నారు పోతే ఆ ఏడు చేలో వెయ్యడానికి మొక్కే లేదు.

ఆ మడి గట్టున రాయి కింద ఒక బోదురుకప్ప ఉండేది. పెద్దది, మట్టి రంగు.

ఆ ఏడు వాన రాలేదు. అప్పుడు ఊరి ఆడవాళ్ళు కప్పతల్లి ఆడదామన్నారు. ఆ కప్పనే పట్టి, వేపమండల్లో పెట్టి రోకలికి కట్టి, ఇంటింటికీ తిప్పారు. ఇంటికో బిందె నీళ్ళు పోశారు. ఆట అయ్యాక కప్పని పట్టినచోటే వదలాలి. కానీ కోటమ్మ ఆడబిడ్డ రాజేలుకి కప్పంటే మహా రోత.

"మళ్ళీ మన గట్టు మీదికా? ఛీ!" అని, చాటలో వేసుకుపోయి దూరంగా వాగొడ్డున పారబోసి వచ్చింది.

ఆ తర్వాత వాన పడింది. అందరూ సంబరపడ్డారు. కానీ మర్నాడు పొద్దున్నే చూస్తే మడిలో నాలుగు మొక్కలు మొదలంటా తెగి పడున్నాయి. రెండోనాడు ఒక వరస. మూడోనాడు సగం మడి.

ఇక లాభం లేదనుకుంది కోటమ్మ. పొద్దుగూకగానే మడి దగ్గర లాంతరు పట్టుకు కూర్చుంది. చూస్తే, మట్టిలోంచి లావుపాటి పురుగులు పైకొచ్చి నారు కొరుకుతున్నాయి!

"ఓసి రాజేలూ, ఇట్రా! ఇన్నాళ్ళూ వీటిని తిన్నది ఆ కప్పేనే! పారబోసినదానివి నువ్వే తీసుకురా."

"నేనా వదినా? అమ్మో!"

"నువ్వే మరి. ఏడాదంతా చప్పిడి కూర తింటావా?"

రాజేలు ముక్కు మూసుకుని, ఆ లాంతరే పట్టుకు వెళ్ళి, వాగొడ్డున వెతికి వెతికి, ఆ చాటలోనే తెచ్చి మడిలో వదిలింది. ఇద్దరూ గట్టు మీద కూర్చుని చూశారు.

పురుగు కదల్లేదు, కప్పా కదల్లేదు. పురుగు ఇంత కదిలిందో లేదో, టప్! నాలుక ఎప్పుడు పోయిందో, ఎప్పుడొచ్చిందో కనపడలేదు. ఒకటి తింది. రెండు తింది. మూడోది మరీ లావు, దాన్ని ముందుకాళ్ళతో నోట్లోకి తోసుకుంది.

"కళ్ళు మూసుకు మింగుతోందేం వదినా?"

"కనుగుడ్లు లోపలికి నొక్కి ముద్దని గొంతులోకి దించుకుంటోందే. ఎంత ఒడుపో చూడు! అన్ని పురుగులు తింటోంది, ఒక్క ఆకైనా ముట్టిందా?"

రాజేలు చూస్తూ చూస్తూ చాట పక్కన పెట్టేసింది.

మర్నాడు ఒక్క మొక్కా తెగలేదు. ఆ మర్నాడూ తెగలేదు. మిగిలిన సగం నారూ ఏపుగా ఎదిగింది. నాటే రోజున కోటమ్మ నారు గంప నెత్తికెత్తుకుంది. వెనక్కి తిరిగి చూస్తే ఏముందీ, రాజేలు ఆ కప్పని అరచేతిలో కూర్చోబెట్టుకుని వస్తోంది!

"పద తల్లీ," అంటోంది దానితో, "నీ కొత్త చేను చూపిస్తా."

కథేమో కంచికి,
కప్పేమో చేనికి,
కునుకేమో నీ కంటికి.