కాకి ముట్టని ముద్ద

చాలా చాలా కాలం కిందట, చెట్టూ పుట్టా కూడా మాట్లాడే రోజుల్లో, తామ్రగిరిని ఒక రాజు ఏలేవాడు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి తన మీసాలంటే ఇష్టం. రెండోవాడికి తన అద్దమంటే ఇష్టం. మూడోవాడు చంద్రకేతుకి తన పెళ్ళాం వకుళ అంటే ఇష్టం. రాజుల ఇళ్ళలో ఇలాంటిది అరుదు కాబట్టి జనం వింతగా చెప్పుకునేవారు.

వకుళ వడ్డిస్తే చంద్రకేతు ముందుగా కాకికి ఒక ముద్ద తీసి గోడమీద పెట్టేవాడు. తర్వాత కూరలో కరివేపాకులన్నీ ఏరి వకుళ విస్తరి అంచున కుప్ప పోసేవాడు. "రాజ్యంలో సగం నీది, కరివేపాకు మొత్తం నీది" అనేవాడు. ఆమె పగలబడి నవ్వేది. ఆ నవ్వుకి గోడమీది కాకులు తినడం మానేసి తలతిప్పి చూసేవి.

ఒక వానాకాలం చంద్రకేతుకి జ్వరం తగిలింది. వైద్యులు మూడు కషాయాలు పోశారు. మూడూ లోపలికి పోయాయి గానీ జ్వరం బయటికి రాలేదు. చంద్రకేతు పోయాడు.

పదోనాడు ఏటి ఒడ్డున రాతిమీద పిండం పెట్టారు. పోయినవాడు తృప్తిగా పోతే కాకి వచ్చి ముడుతుంది. మనసులో కోరిక మిగిలితే ముట్టదు. అప్పుడు అయినవాళ్ళు ముందుకొచ్చి, ఫలానాది మేం చేస్తాం, నువ్వు నిశ్చింతగా వెళ్ళు అని మాటివ్వాలి. ఆ మాట సరిపోతే కాకి ముడుతుంది.

కాకులు వచ్చాయి. చుట్టూ కూర్చున్నాయి. చూశాయి. ముట్టలేదు.

రాజు ముందుకొచ్చి కొడుక్కి బంగారు విగ్రహం పోయిస్తానన్నాడు. కాకులు ముట్టలేదు. రాణి ముందుకొచ్చి ఊరూరా సత్రం కట్టిస్తానంది. కాకులు ముట్టలేదు. ఇక అందరి చూపులూ వకుళ మీద పడ్డాయి. ఎక్కడైనా అంతే కదా, ముట్టనిది కాకి, తప్పు కోడలిది.

పురోహితుడు గొంతు సవరించుకుని, చిన్న యువరాజు మనసంతా భార్య మీదే ఉందనీ, బతికినన్నాళ్ళూ చీకటి గదిలో కూర్చుని ఎవరి ముఖమూ చూడనని ఆమె మాటివ్వాలనీ చెప్పాడు. వకుళ మాటిచ్చింది. ఆ మాట వినగానే కాకులన్నీ ఒక్కసారిగా లేచి ఎగిరిపోయాయి.

అప్పటినుంచి కోటలో భయం మొదలైంది. తుడిచిన నేలమీద తడి పాదాల గుర్తులు పడేవి. నడిచేవాడు కనబడేవాడు కాదు. బావుల్లో నీళ్ళు చేదెక్కాయి. ఉయ్యాలలో పసిపిల్లలు ఎవరూ లేని మూలకేసి చూసి గుక్కపట్టి ఏడ్చేవారు. చంద్రకేతు వెళ్ళలేక, ఉండలేక తిరుగుతున్నాడని అందరికీ తెలిసింది. పైకి ఎవరూ అనలేదు.

ఏడు సముద్రాల అవతల బూడిద దీవిలో కాలజంఘుడనే మాంత్రికుడున్నాడనీ, పోయినవాళ్ళ చేత మాట్లాడిస్తాడనీ, అతన్ని పట్టుకుంటే యువరాజు కోరికేమిటో తెలుస్తుందనీ పురోహితుడే చెప్పాడు. పెద్దకొడుకు బయలుదేరి మూడో సముద్రం దగ్గర వెనక్కి తిరిగాడు. ఉప్పుగాలికి మీసాలు పాడవుతున్నాయట. రెండోవాడు ఐదో సముద్రం దగ్గర తిరిగాడు. అద్దం బీటలిచ్చింది, అపశకునమట.

అప్పుడు చీకటి గది తలుపు తెరుచుకుంది. వకుళ బయటికొచ్చింది.

"మాట తప్పుతావా?" అంది అత్తగారు.

"మాట ఇచ్చాను అత్తయ్యా. పుచ్చుకోవలసిన మనిషి పుచ్చుకోలేదు. వద్దన్న మాట తిరిగి నాదేగా."

పిండానికి కొలిచిన బియ్యంలో గుప్పెడు మిగిలి ఉంది. దాన్ని కొంగున ముడేసుకుని ఆమె కోట దాటింది.

ఏటి ఒడ్డున ఒక ముసలి కాకి కుంటుకుంటూ ఎదురొచ్చింది. ఆ రోజు పిండం ముట్టనివాళ్ళలో తానూ ఒకణ్ణని చెప్పింది. ఆయనకేం కావాలో చెప్పు తాతా అని వకుళ బతిమాలింది.

"అది మాకూ తెలియదమ్మాయీ. కడుపు కాలిపోతున్నా ఆ ముద్ద ముందు మా నోరు తెరుచుకోదు, అంతే. నీతో వస్తాను. ఆకలితో ఉన్నాను, ఇందులో నా స్వార్థమూ ఉంది."

కాకి తాతను భుజంమీద కూర్చోబెట్టుకుని ఆమె నడిచింది. ఓడమీద పోయింది, తెప్పమీద పోయింది. ఒక సముద్రం నిప్పులా మండింది. ఒక సముద్రంలో చేపలకు మనుషుల కళ్ళున్నాయి. అవి ఆమెను జాలిగా చూశాయి. ఏడో సముద్రం దగ్గర ఏ పడవవాడూ రానన్నాడు. ఇల్లంత తాబేలు ఒకటి వీపు వంచింది. ఆ సముద్రానికి అల లేదు, చప్పుడు లేదు. వకుళకు తన గుండె చప్పుడే వినబడింది.

తాబేలు పెద్దమ్మ దారిలో ఒక్కసారే నోరు విప్పింది. "కాకిని కొంగులో దాచుకో. ఆ దీవిలో కాకి మాటే ఎత్తకూడదు. అక్కడికి ఎందర్నో దించాను, ఒక్కర్నీ తిరిగి ఎక్కించుకోలేదు. రేవులో ఉంటాను. నువ్వొస్తే సరేసరి, రాకపోతే నా వీపు తేలిక."

దీవి ఒడ్డున బారులు తీరి జనం కూర్చున్నారు. పెళ్ళి బంతిలా ఉంది, కానీ మాట లేదు. ఒక్కొక్కరి ముందూ రెండు విస్తళ్ళు. ఎదుటి విస్తరి దగ్గర మనిషి ఆకారంలో నీడ. ఆ నీడకు వడ్డిస్తున్నవాళ్ళ పాదాలు తెల్లగా ఉన్నాయి. కొందరికి మోకాళ్ళ దాకా తెలుపు, కొందరికి మెడ దాకా. చివరి వరసలో ఉన్నవాళ్ళు నిలువెల్లా ఉప్పుబొమ్మలు. వాళ్ళ చేతులు వడ్డిస్తున్నట్టే గాలిలో ఆగిపోయాయి.

కాలజంఘుడు ఎదురొచ్చాడు. తెల్లగడ్డం, తాతలాంటి ముఖం. కోరలుంటే భయపడి పారిపోవచ్చు. దయగా నవ్వే ముఖం నుంచి ఎవరు పారిపోతారు?

"వచ్చావా బిడ్డా" అన్నాడు. "కూర్చో. మూడు పూటలు వడ్డించు. మూడో పూట నీ మొగుడు నోరు తెరిచి మాట్లాడతాడు. నాకు పూటకొకటి ఇస్తే చాలు. మొదట నీ నవ్వు. తర్వాత నీ కన్నీళ్ళు. ఆఖర్న నీ పేరు."

ఆమె అడిగినవన్నీ దొరికాయి. వండింది, విస్తరి వేసింది. ఎదురుగా చంద్రకేతు వచ్చి కూర్చున్నాడు. అదే ముఖం, అదే నుదురు.  కాలజంఘుడు ఆమె పెదవుల ముందు వేలు ఆడించి దారం లాగినట్టు లాగాడు. ఆమె నవ్వు పోయింది. కాలి బొటనవేలు చల్లబడింది. చూస్తే తెల్లగా ఉంది.

చంద్రకేతు తినడం మొదలుపెట్టాడు. కాకికి ముద్ద తియ్యలేదు. కరివేపాకులు ఏరలేదు. అన్నీ కలిపి నమిలాడు. ఆ నమిలే చప్పుడు వింటూ వకుళ చలిజ్వరం వచ్చినట్టు కూర్చుంది.

"మీకూ తెలిసిపోయిందా?" అన్నారెవరో.

పక్క విస్తరి దగ్గర ఒక యువకుడు, నడుం దాకా ఉప్పు. పేరు మైనాకుడు, పగడాల దీవి రాజకుమారుడు. నవ్వూ కన్నీళ్ళూ ఇచ్చేశాడు, పేరు ఒక్కటే మిగుల్చుకున్నాడు. భార్య వారుణి పడవ మునిగి పోయిందని, ఆమెను వెతుక్కుంటూ వచ్చానని చెప్పాడు.

"మా వారుణిది ఎడమచేతి వాటం. ఇది కుడిచేత్తో తింటోంది. మొదటి పూటే చూశాను."

"మరి లేవలేదేం?"

"లేస్తే ఇదీ పోతుంది. అబద్ధమే, కానీ ముఖం ఆమెదేగా."

 తెలిసీ వకుళా లేవలేదు.

మళ్ళీ వంట వేళ దాకా వాళ్ళు మాట్లాడుకున్నారు. వారుణి వలలో పడ్డ చేపల్ని ఎలా తిట్టేదో అతను చెప్పాడు. కరివేపాకు సంగతి ఆమె చెప్పింది. ఆమెకు నవ్వు రావలసిన చోట రాలేదు. అతనికి ఏడుపు రావలసిన చోట రాలేదు. దీవికొచ్చాక ఎదుటి నీడను వదిలి పక్కనున్న మనిషి ముఖం చూడడం ఇద్దరికీ అదే మొదలు.

కాలజంఘుడు మెతుకు ముట్టడనీ, ప్రతి పూటా కొండ గుహలోకి తొంగిచూసి వస్తాడనీ మైనాకుడు చెప్పాడు. కొంగులో కాకి కదిలింది.

"అమ్మాయీ, ఆ గుహలోంచి పిండం వాసన వస్తోంది. చాలా పాతది. ఈ మాంత్రికుడు ఎప్పుడో పోయాడు. ఏ కాకీ ముట్టకుండా దాచుకుని, ప్రాణాన్ని ఆ ముద్దలో పట్టుకు వేలాడుతున్నాడు. కాకి ముడితే వెళ్ళిపోవలసిందే. అయితే వాడి కోరికేమిటో తీరితే గానీ నా నోరు తెరుచుకోదు."

రెండో పూట కాలజంఘుడు కన్నీళ్ళకోసం చిప్ప పట్టుకొచ్చాడు. అందరి ముందూ ఏడవడం తనకు రాదనీ, చాటుకు పోయి ఏడ్చి చిప్ప నింపి తెస్తాననీ వకుళ చెప్పింది. అతను అనుమానంగా చూశాడు. అప్పుడు మైనాకుడు పిలిచాడు.

"తాతా, నా పేరు ఇచ్చేస్తాను. కానీ మా వంశంలో ఒక ఆచారం. ఏడు తరాల పెద్దల్ని తలవకుండా సొంత పేరు చెప్పుకోకూడదు."

కాలజంఘుడు ఆశగా అతని ముందు కూర్చున్నాడు. వకుళ గుహలోకి పరుగెత్తింది. అప్పటికే ఉప్పు బొటనవేలి నుంచి మడమ దాకా పాకింది, కాలి కింద కరకరమంటోంది. వెనక మైనాకుడు తాతల ముత్తాతల పేర్లు సాగదీసి సాగదీసి చదువుతున్నాడు. ఆ వరస అతని పేరు దగ్గరికొస్తే అతను ఉప్పుబొమ్మ.

గుహలో ఇనప మూత. తీసింది. దానికింద రాగి మూత. తీసింది. దానికింద మట్టి మూత. తీస్తే పిండం, రాయిలా ఎండిపోయి. కాకి దానిమీద వాలింది. నోరు తెరుచుకోలేదు.

నీకు గుడి కట్టిస్తానంది వకుళ. తెరుచుకోలేదు. నీ పేర అన్నదానం చేయిస్తానంది. తెరుచుకోలేదు. బయటినుంచి ముత్తాత పేరు వినబడింది. పిచ్చికోపం వచ్చి, నీకేం కావాలిరా ముసలాడా, ఇంతమందిని మింగింది చాలలేదా అని తిట్టింది. కాకి కళ్ళు మూసుకుంది. తాత పేరు వినబడింది. తర్వాత తండ్రి పేరు.

వకుళ చేతులు జోడించబోయి ముద్దకేసి చూసింది. దానిమీద ఐదు వేళ్ళ గుర్తులున్నాయి. గడ్డకట్టుకుపోయిన ముసలి వేళ్ళ గుర్తులు. పక్కన చిన్న కుండ, ఒక్క మనిషి కూర్చున్నంత మేర అరిగిన నేల. తన పిండం తనే కలుపుకున్నాడు. పెట్టే దిక్కులేక, ఏడ్చే దిక్కులేక, బతికుండగానే ఒక్కడూ కూర్చుని కలుపుకున్నాడు.

ఆ వేళ్ళు చూసి వకుళకు ఏడుపొచ్చింది. పగవాడని తెలుసు, ప్రాణంమీదికొచ్చిందని తెలుసు. అయినా వచ్చింది. కన్నీటి బొట్టు ముద్దమీద పడింది. కాకి నోరు తెరుచుకుంది.

ఒడ్డున మైనాకుడు "మై" అనేసరికి కాలజంఘుడు చెయ్యెత్తి ఆపాడు. చెవి రిక్కించాడు. "ఎవరో ఏడుస్తున్నారు" అన్నాడు. "నాకోసమే." ఆ మాటతోపాటు బూడిదై జారిపోయాడు.

నీడలు పోయాయి. అలలేని సముద్రంలో అల లేచింది. అది ఒడ్డెక్కి బారులన్నింటినీ తడిపింది. ఉప్పు కరిగింది. మనుషులు తుమ్ముకుంటూ, కాళ్ళు తడుముకుంటూ లేచారు. మైనాకుడు వారుణి పేరు పిలిచి బావురుమన్నాడు. వకుళ ఊరుకోమనలేదు. పక్కన కూర్చుంది, అంతే.

తర్వాత కొంగుముడి విప్పి ఆ గుప్పెడు బియ్యం వండింది. ఆడది పిండం పెట్టొచ్చా అని అడగడానికి అక్కడ పురోహితుడు లేడు. రెండు ముద్దలు చేసింది, చంద్రకేతుకి ఒకటి, వారుణికి ఒకటి. కాకి వచ్చి కూర్చుంది. ముట్టలేదు.

 ఇన్ని సముద్రాలు దాటి వకుళ మళ్ళీ అదే రాయి ముందుకొచ్చింది. చీకటి గదికి తిరిగి వెళ్తానంది. ముట్టలేదు. ఇంకెవరి ముఖమూ చూడనంది. కాకి తల పక్కకు తిప్పుకుంది. ఇక ఇవ్వడానికి మాటేదీ మిగల్లేదు. ఈయన ఎప్పటికీ తడి పాదాలతో తిరగవలసిందేనా అనుకుంటూ తలవంచుకుని, ఆకలిగా ఉన్న మైనాకుడికి రెండో పూటకని వండిన కూరా, మిగిలిన అన్నం వడ్డించి, తానూ ఒక ఆకు వేసుకుంది.

మైనాకుడు కూర కలుపుతూ ఆగాడు. ఒక కరివేపాకు తీశాడు.  మెల్లగా ఆమె ఆకు అంచున పెట్టాడు.

"నా రాజ్యం ఇప్పుడెవరు ఏలుతున్నారో తెలియదు" అన్నాడు. "ఆకు మాత్రం ఉంది."

 వకుళ ఆ ఆకుకేసి చూసింది. అతని భయపడ్డ ముఖంకేసి చూసింది. పోయిన నవ్వు ఎక్కడినుంచి తిరిగి వచ్చిందో, పొట్ట పట్టుకుని నవ్వింది. కళ్ళనీళ్ళు కారుతుండగా నవ్వింది.

ఇటు తిరిగి చూస్తే రెండు ముద్దలూ లేవు. కాకి తాత ముక్కు తుడుచుకుంటున్నాడు.

"ఆయనకూ ఆ వారుణికీ ఏం కావాలో ఇప్పటికి తెలిసింది" అన్నాడు. "మేం గోడమీదినుంచి రోజూ విన్నదే."

తాబేలు పెద్దమ్మ వీపు బరువైందని సణుగుతూనే ఇద్దర్నీ మోసింది. తామ్రగిరి చేరేసరికి బావుల్లో నీళ్ళు తియ్యగా ఉన్నాయి, నేలమీద గుర్తులు లేవు, పిల్లలు మూలలకేసి చూసి ఏడవడం మానేశారు. ఏం మాటిచ్చావమ్మా అని మామగారు అడిగారు. మాటివ్వలేదు మామయ్యా, నవ్వాను అంది. ఆమె మైనాకుణ్ణి పెళ్ళాడతానంటే పురోహితుడు శాస్త్రం విప్పబోయాడు. కాకి వచ్చి అతని పిలకమీద వాలింది. శాస్త్రం మూసేశాడు.

రాణి తన చేతులతో కోడలికి పసుపు రాసింది. రాస్తూ ఏడ్చింది. పెళ్ళయింది. రాజు మీసాలవాణ్ణీ చూశాడు, అద్దంవాణ్ణీ చూశాడు, నిట్టూర్చి వకుళకే పట్టం కట్టాడు. ఆమె, మైనాకుడు కలిసి జుట్టు నెరిసేదాకా ఏలారు. రోజూ గోడమీద రెండు ముద్దలు పెట్టేవారు. ఒకటి కుడిచేత్తో, ఒకటి ఎడమచేత్తో.

ఆ రాజ్యంలో ఇప్పటికీ కాకి ముట్టకపోతే ఎవరూ కోడలివైపు చూడరు. పోయిన మనిషి బతికుండగా చేసిన తమాషా ఒకటి ఎవరో ఒకరు చెబుతారు. ముందు ఒకరు నవ్వుతారు, తర్వాత అందరూ. ఆ సందడిలో కాకి తన పని తాను చూసుకుంటుంది.

ముద్ద కాకికి, కథ మీకు. లేచి చేతులు కడుక్కోండి.